పక్క మంచం వాణ్ని వదిలి ఎలా పోను?

ప్రశ్న: అన్నా, నాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర చిన్న ఊరు. వయసు 26. ఇంటర్ తప్పి హైదరాబాద్ వచ్చేశాను. ఆరేళ్లు దాటింది, మాదాపూర్ వైపు ఒకే బిర్యానీ రెస్టారెంట్‌లో ఉన్నాను. గిన్నెలు తోమే పనితో మొదలుపెట్టి ఇప్పుడు కమీ-టూ (రెండో స్థాయి జూనియర్ వంటవాడు) అయ్యాను. డ్యూటీ పొద్దున 11 నుంచి 4, మళ్లీ 6:30 నుంచి రాత్రి 12:30. శని, ఆదివారాలైతే ఒంటిగంట దాటుతుంది. నెలకు రెండు ఆఫ్‌లు, అవీ దొరికితేనే. జీతం 19 వేలు. స్టాఫ్ రూమ్, తిండి వాళ్లదే. పోయిన నెల ఫ్రయర్‌లోంచి నూనె ఎగిరి కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. నా డబ్బుతోనే ఆస్పత్రికి వెళ్లాను. పనికి వెళ్లని ఐదు రోజులకూ జీతం కట్ చేశారు.

ఇప్పుడు ఒక ఐటీ కంపెనీ క్యాంటీన్‌లో పని వచ్చింది. పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 3. ఆదివారం సెలవు. 20 వేలు ఇస్తారు, రూమ్ మాత్రం నేనే చూసుకోవాలి. అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలుస్తుంది. ఆ పనికి వెళ్లిపొమ్మంటోంది. నాకేమో ఇక్కడివాళ్లను వదలాలంటే మనసు ఒప్పట్లేదు. చెయ్యి కాలినప్పుడు పక్క మంచం మీద పడుకునే నేపాల్ కుర్రాడు ఐదు రోజులూ నాకు అన్నం కలిపి పెట్టాడు. తందూర్ మాస్టర్ పని నేర్పాడు. 'నువ్వు పోతే మా మీద డబుల్ పడుతుంది' అంటున్నారు మిగతావాళ్లు. మేనేజర్ 'మనమంతా ఒక ఫ్యామిలీ, మధ్యలో వదిలేసి పోతావా' అంటున్నాడు. పోతే ద్రోహం చేసినట్టే కదా అనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?
– పేరు వద్దు, హైదరాబాద్

సమాధానం: తమ్ముడూ, ముందు నీ చెయ్యి ఎలా ఉందో చూసుకో. నెల దాటింది కాబట్టి పుండు మానే ఉంటుంది. మణికట్టు పూర్తిగా వంగుతోందా? పిడికిలి బిగిస్తే చర్మం లాగుతోందా? లాగుతుంటే ఊరుకోకు, డాక్టరుకు చూపించు. కాలిన చోట చర్మం బిగుసుకుపోతే రేపు కత్తి తిప్పడం కష్టమవుతుంది. కొత్త చర్మానికి సెగ నేరుగా తగలకుండా పొడుగు చేతుల కోటు వేసుకో. ఇకమీదట మీ కిచెన్‌లో ఎవరికి కాలినా సరే టూత్‌పేస్టు, పసుపు, ఐసు లాంటివేవీ పెట్టనివ్వకు. కడియం, వాచీ, ఉంగరం వెంటనే తీసేసి కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచాలి. ఆర్డర్లు మీద పడుతుంటే 20 నిమిషాలు కుళాయి కింద నిలబడనివ్వరని నాకు తెలుసు. అయినా నిలబడాల్సిందే.

నేనూ సింకు దగ్గరే మొదలుపెట్టాను. 22 ఏళ్లు కిచెన్లలోనే గడిచాయి. అందుకే నీ ఉత్తరంలో 'అన్నం కలిపి పెట్టాడు' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. బయటివాళ్లకు ఇది చెప్పినా అర్థం కాదు. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి ఆర్డర్ చీటీలు కొట్టే కేఓటీ మిషన్ ఆగకుండా కాగితాలు వదులుతూ ఉంటుంది. ఎగ్జాస్ట్ మోత. తందూర్ దగ్గర ఒక సెగ, చైనీస్ పొయ్యి దగ్గర ఇంకో సెగ. మాటలంటూ ఏమీ ఉండవు. 'గరమ్, పీఛే గరమ్' (వెనక వేడిది వస్తోంది) అన్న కేక ఒక్కటే వినిపిస్తూ ఉంటుంది. ఒడియా వాడు, బెంగాలీ వాడు, నేపాలీ వాడు, మనవాడు అందరూ ఆ కేకకు ఒకేసారి పక్కకు జరుగుతారు. నీకు కళ్లు తిరుగుతున్నాయని నువ్వు చెప్పకముందే ఎవడో ఉప్పు, నిమ్మకాయ పిండిన నీళ్లు నీ చేతికి అందిస్తాడు. పదింటికి ఒక హండీ కోసం అమ్మనా బూతులు తిట్టుకున్నవాళ్లు ఒంటిగంటకు ఒకే పళ్లెంలో తింటారు. ఇంత దగ్గరితనం నేను వేరే ఏ పనిలోనూ చూడలేదు. నీ బాధ ఉత్త సెంటిమెంట్ అని ఎవరైనా అంటే పట్టించుకోకు. అది నిజమైన బాధే.

అయితే నా అనుభవం ఒకటి చెప్పాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడే రోజుకి నేను సికింద్రాబాద్‌లో ఒక రెస్టారెంట్‌లో ఉన్నాను. స్టాఫ్ రూమ్ మూడో అంతస్తు, రెండు గదులు, 14 మందిమి. రైళ్లు ఆగిపోయాయి, ఎవరూ ఊరికి పోలేని పరిస్థితి. ఓనరు రెండు వారాలు బియ్యం, పప్పు పంపించాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పుడు తందూర్ మాస్టర్ ఒక స్టీలు డబ్బా తెచ్చి మధ్యలో పెట్టాడు. ఎవరి దగ్గర ఎంతుంటే అంత అందులో వేశాం. ఒక బెంగాలీ కుర్రాడు చేరి 20 రోజులే అయింది, మొదటి జీతం కూడా అందుకోలేదు. డబ్బా దగ్గరికి వచ్చి తల దించుకుని నిలబడ్డాడు. మాస్టర్ వాడి చేతికి ఉల్లిపాయలు, కత్తి ఇచ్చి 'నీ వాటా ఇదే, కొయ్యి' అన్నాడు. రోజుకొకరం మా ఇంటి వంట చేసేవాళ్లం. నా వంతు వచ్చిన రోజు ఎండుమిరపకాయలు కాల్చి, ఉల్లిపాయ నలిపి పచ్చిపులుసు చేశాను. మా చైనీస్ సెక్షన్‌లో డార్జిలింగ్ వాడొకడు ఉండేవాడు. దాన్ని గ్లాసులో పోసుకుని రెండుసార్లు తాగాడు. ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు దాని గురించే అడుగుతాడు.

జూన్ 8న రెస్టారెంట్లు మళ్లీ తెరుచుకున్నాయి. ఓనరు 14 మందిలో ఆరుగురినే పిలిచాడు. మిగతా ఎనిమిది మందికి రావద్దని మేనేజర్ మెసేజ్ పెట్టాడు, అంతే. పిలిచిన ఆరుగురిలో నేనూ ఉన్నాను. ఊళ్లో ఇద్దరు పిల్లలు, అప్పు. వెళ్లాను. ఆ రోజు పొద్దున నా కోటు ఉతికి, మడత పెట్టి మంచం మీద ఉంచింది ఎవరనుకున్నావు? తందూర్ మాస్టరే. ఆయన పేరు ఆ ఆరుగురిలో లేదు.

మనమంతా ఫ్యామిలీ అని మా మేనేజర్ కూడా అనేవాడు. వ్యాపారం బాగున్నంత కాలం ఆయన నిజంగానే అలా అనుకున్నాడేమో. కానీ ఆ డబ్బా పెట్టింది మేనేజర్ కాదు, నీకు అన్నం కలిపి పెట్టింది మీ మేనేజరూ కాదు. ఆ కుర్రాడు చేసిన మంచికి రుణం ఆ కుర్రాడికే తీర్చాలి. దాన్ని చూపించి 'ఇక్కడే ఉండు' అనే హక్కు రెస్టారెంటుకు లేదు. నువ్వు ఈ రెండింటినీ కలిపేసుకుని సతమతమవుతున్నావని నాకు అనిపిస్తోంది.

'మా మీద డబుల్ పడుతుంది' అంటున్నారే, అది అబద్ధం కాదు. పడుతుంది. ఒక మనిషి తగ్గితే మిగతావాళ్ల నడుం విరిగేంత తక్కువ మందితో కిచెన్ నడపడం యజమాని ఎంచుకున్న పద్ధతి. ఆ లోటు నువ్వు నీ ఒంటితో పూడ్చలేవు. ఆరేళ్లు పూడ్చావు, చెయ్యి కాలింది, ఐదు రోజుల జీతం కూడా పోయింది.

ఇప్పుడు లెక్కలు. ఇవి జాగ్రత్తగా చదువు, నీ పక్కవాళ్లకూ చదివి వినిపించు.

పది మంది, అంతకు మించి పనిచేసే రెస్టారెంట్‌లో 21 వేల లోపు జీతం ఉన్నవాళ్లందరికీ ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉండాలి. నీ 19 వేలకు నీ వాటా నెలకు 143 రూపాయలు, యజమాని వాటా 618. ఇంతే. ఆ కార్డు ఉండి ఉంటే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రిలో నీ చేతికి పైసా ఖర్చు లేకుండా వైద్యం జరిగేది. పనిలో దెబ్బ తగిలి డాక్టరు రెస్ట్ రాస్తే, ఆ రోజులకు జీతంలో దాదాపు 90 శాతం ఈఎస్ఐ నుంచే వస్తుంది. నిన్న చేరినవాడికైనా వస్తుంది. పే స్లిప్ ఉంటే తీసి చూడు. అందులో ఈఎస్ఐ కింద డబ్బు కోసి ఉండి కూడా కార్డు నీకు ఇవ్వలేదంటే, నంబర్ అడిగి తీసుకో. అసలు కట్టనే లేదంటే అది చట్టాన్ని తప్పినట్టే. ఈఎస్ఐ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వొచ్చు.

డ్యూటీ గంటలు వారానికి 48 దాటకూడదు. దాటిన ప్రతి గంటకు రెట్టింపు రేటు ఇవ్వాలి. వారానికి ఒకరోజు సెలవు తప్పనిసరి. నువ్వు రోజుకు 11 గంటలు చేస్తున్నావు. నెలకు రెండే ఆఫ్‌లు అంటే వారానికి 70 దాటిపోతోంది. మధ్యలో రెండున్నర గంటల బ్రేక్ ఉంది కదా అంటారు. ఆ రెండున్నర గంటల్లో స్టాఫ్ రూమ్‌కి పోయి, బట్టలు ఉతుక్కుని, కన్ను మూసేలోపే మళ్లీ లేవాలి. బ్రేక్ షిఫ్ట్ చేసినవాడికి రోజంతా పనిలోనే పోతుంది.

మీలో చాలామందికి తెలియని విషయం గ్రాట్యుటీ, అంటే చేసిన ఏళ్లకు లెక్కగట్టి యజమాని ఒకేసారి ఇచ్చే డబ్బు. పది మంది, అంతకు మించి పనిచేసే ఒకే చోట ఐదేళ్లు నిండితే, మానేసేటప్పుడు గ్రాట్యుటీ ఇవ్వాలి. 1972 నుంచి ఈ హక్కు ఉంది. రాజీనామా చేసి వెళ్లినా ఇవ్వాలి. నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్లు చేస్తే అన్నింతలు. నీ 19 వేలూ బేసిక్ అనుకుంటే ఆరేళ్లకు సుమారు 65,770 రూపాయలు. పే స్లిప్పులో బేసిక్ తక్కువ చూపిస్తే కొంత తగ్గొచ్చు. మానేసిన 30 రోజుల్లో ఇవ్వాలి. ఫుల్ అండ్ ఫైనల్ (ఆఖరి లెక్క) అని చెప్పి రెండు వేలు చేతిలో పెట్టి సంతకం చేయించుకుంటారు. దేని మీద సంతకం పెడుతున్నావో చదవకుండా పెట్టకు. తెలుగులో లేకపోతే, చదివి చెప్పగలవాణ్ని పక్కన పెట్టుకో.

అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వలేదంటావేమో. మనలో చాలామందికి ఇవ్వరు. అయినా ఆరేళ్లు పనిచేసినట్టు ఆనవాళ్లు నీ ఫోన్‌లోనే ఉన్నాయి. బ్యాంకులో జీతం పడిన మెసేజ్‌లు, వాట్సాప్ గ్రూపులో వచ్చిన డ్యూటీ చార్టులు, యూనిఫాంలో దిగిన పాత ఫోటోలు. రాజీనామా చెప్పకముందే ఇవన్నీ వేరే చోట దాచుకో. చెప్పిన గంటలో గ్రూపులోంచి తీసేస్తారు, నేను చూశాను. ముందు మర్యాదగా రాసి అడుగు. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసుకి వెళ్లు. గొడవకు దిగినట్టు అనుకోవద్దు, అది నీ ఆరేళ్ల కష్టం. పీఎఫ్ ఉంటే మాత్రం డ్రా చెయ్యకు. అదే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబర్ కొత్త చోట ఇచ్చి బదిలీ చేయించుకో, సర్వీసు కలుస్తుంది.

ఇక క్యాంటీన్. వెళ్లమనే చెబుతున్నాను, అయితే కళ్లు తెరుచుకుని వెళ్లు. పేరుకు 20 వేలు గానీ చేతికి మిగిలేది ఇప్పటికంటే తక్కువే. నలుగురు కలిసి గది తీసుకున్నా నీ వాటా మూడు నాలుగు వేలకు తగ్గదు. రాత్రి తిండి నీదే. పీఎఫ్ కోత ఉంటుంది. ఆ 20 వేలు కోతలకు ముందా, తర్వాతా అని అడుగు. జీతం ఇచ్చేది ఐటీ కంపెనీయా, క్యాంటీన్ నడిపే కాంట్రాక్టరా? ఎక్కువగా కాంట్రాక్టరే ఉంటాడు. కాంట్రాక్ట్ మారితే పాతవాళ్లను ఉంచుతారా అని అక్కడ పనిచేసేవాళ్లను అడుగు, మేనేజర్‌ని కాదు. ఈఎస్ఐ, పీఎఫ్ నంబర్లు మొదటి నెలలోనే తీసుకో.

పని కూడా వేరు. అక్కడ ఒకేసారి ఐదొందల మందికి సాంబారు కాచాలి. హండీ కింద మంట చూసి, మూత మీద చెయ్యి పెట్టి దమ్ అయిందో లేదో చెప్పే నీ పనితనానికి అక్కడ పెద్దగా పని ఉండదు. మొదటి నెలంతా చప్పగా ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి కాళ్లు వాటంతటవే లేస్తాయి. నిద్ర పట్టదు. నాకు అలాగే జరిగింది, మూడు వారాలు పట్టింది. ఆ రోజుల్లో మందు వైపు చెయ్యి పోకుండా చూసుకో. అర్ధరాత్రి షిఫ్ట్ దిగి నిద్ర కోసం తాగడం మొదలుపెట్టి మానలేకపోయిన మంచి మాస్టర్లను నేను ముగ్గురిని చూశాను.

నీకు 26 ఏళ్లే. సింకు నుంచి కమీ-టూ దాకా వచ్చావంటే చేతిలో పని ఉంది. మధ్యాహ్నం మూడు తర్వాత ఖాళీ దొరుకుతుంది కాబట్టి సర్టిఫికెట్ సంగతి చూడు. చదువు లేకపోయినా, చేసిన అనుభవాన్ని పరీక్షించి కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పథకం కింద సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. ఏడాది రెండేళ్లు క్యాంటీన్‌లో ఒంటిని కుదుటపరుచుకుని, ఆ కాగితంతో మంచి హోటల్ కిచెన్‌లోకి మళ్లీ వెళ్లొచ్చు.

మానేసే పద్ధతిలో మాత్రం నీ స్నేహం కనిపించాలి. 'నువ్వు పోతే మా గతేంటి' అన్నవాళ్లకు నువ్వు చెయ్యగలిగిన మేలు అదే. వాట్సాప్‌లో రాతపూర్వకంగా నెల నోటీసు ఇవ్వు. శుక్ర, శని, ఆదివారాల్లో ఆఖరి డ్యూటీ పెట్టుకోకు. రంజాన్ నెలలో, డిసెంబర్ 31 దగ్గర అసలే వద్దు. హలీం సీజన్‌లో ఒక మనిషి తగ్గితే సాయంత్రం ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నెలలో నీ స్టేషన్ పని కింది కుర్రాడికి నేర్పు. నీ కొలతలు, ఏ డబ్బా ఎక్కడ, ఏ బర్నర్ మొరాయిస్తుంది, అన్నీ చూపించు. వాడు హెల్పర్ నుంచి కమీ-త్రీ అయితే వాడికి జీతం పెరుగుతుంది.

ఇంకో మాట. తందూర్ మాస్టర్‌ని అందరి ముందు కాకుండా ఒంటరిగా అడిగావా? అడగలేదనుకుంటాను, నీ ఉత్తరంలో ఆయన ఏమన్నాడో లేదు. అడుగు. ఏళ్ల తరబడి తందూర్‌లో చెయ్యి పెట్టినవాడి ముంజేతి మీద వెంట్రుకలుండవు, మోకాళ్ల కింద నరాలు ఉబ్బి ఉంటాయి. అలాంటి మనిషి తను పని నేర్పిన కుర్రాణ్ని ఇక్కడే ఉండిపొమ్మంటాడని నేను అనుకోను. మా మాస్టర్ నాతో అన్న మాట 'జా బేటా, మేరే జైసా మత్ బన్'. నాలా అవ్వకురా, వెళ్లు అని. అది విని నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

అమ్మ గురించి. ఆమె మాటను 'హోటల్ పని చిన్నతనం' అన్నట్టుగా తీసుకుంటున్నావేమో. పలాసలో జీడి ఒలిచే ఆడవాళ్ల చేతులు చూసే ఉంటావు. తొక్కలోని జీడి రసానికి వేళ్లు నల్లబడి, పొక్కి, తోలు ఊడతాయి. ఆ చేతులున్న మనిషి నీ కాలిన చేతిని వీడియో కాల్‌లో చూసి ఏమనుకుని ఉంటుందో ఒక్కసారి ఆలోచించు. కొత్త పనిలో చేరేలోపు నాలుగు రోజులు ఇంటికి పోయి రా. కోణార్క్ రైలు ఎక్కితే పలాసలోనే దిగొచ్చు.

పక్క మంచం కుర్రాడి సంగతి చివరికి దాచుకున్నాను. మా 14 మందిలో ఇప్పుడు ఇద్దరం కూడా ఒకే కిచెన్‌లో లేము. ఒకడు దుబాయ్‌లో, ఒకడు కటక్‌లో టిఫిన్ బండి పెట్టుకున్నాడు, ఇద్దరు గోవాలో. ఫోన్‌లో గ్రూపు మాత్రం ఉంది. నాకు ఆ తర్వాతి ఉద్యోగం ఇప్పించింది ఆ ఉల్లిపాయలు కోసిన బెంగాలీ కుర్రాడే. వాళ్ల హోటల్ కెప్టెన్‌తో (వెయిటర్ల పెద్ద) నా గురించి చెప్పి, ఇంటర్వ్యూ రోజు తన బూట్లు నాకిచ్చి పంపాడు.

నీకు కొత్త పని మూడింటికి అయిపోతుంది. వాళ్లకు బ్రేక్ నాలుగింటికి. మాదాపూర్ దాటిపోకుండా గది చూసుకో. వారంలో ఒకరోజు, మంగళవారమో బుధవారమో రష్ తక్కువ ఉన్న రోజు, నాలుగున్నరకల్లా స్టాఫ్ రూమ్‌కి వెళ్లు. ఈసారి అన్నం నువ్వు కలిపి తీసుకెళ్లు.